నీలిమచ్చ

మా వైపు పుట్టే బిడ్డలకి
నడుం కింద ఒక నీలిమచ్చ ఉంటుంది.
"ఇంక పో లోకంలోకి" అని ఎవరో వెనకనుంచి
చరిచి పంపారంటుంది మా అత్త ఖోర్లో.
నాకూ ఉండేది. నాలుగేళ్లకి పోయింది.

నా కొడుకు ఎర్ఖెస్‌కి మాత్రం
అది ఒకచోట నిలవలేదు.
పాకడం మొదలెట్టాడు, మోకాలికొచ్చింది.
పొయ్యి అంచు పట్టుకుని లేచిన రోజు మోచేతికి.
వాళ్ల నాన్న గాల్లోకి ఎగరేసి పట్టుకుంటే
చంకల కింద పది వేళ్లూ
విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

"పిల్లాణ్ణి కొడుతున్నావా?" అని
పక్క గుడారం ఆవిడ అడగలేదు.
అడక్కుండా టీ తాగి వెళ్లింది.

అప్పుడు గుర్తొచ్చింది మడమ.
మూడో రోజున నర్సు సూది గుచ్చిన చోటు
సాయంత్రం దాకా తడిగానే ఉంది.
మూడు గుడ్డలు మార్చాను.
వేడి చేసిందన్నారు. నేనూ అనుకున్నాను.

ఉలాన్‌బాతర్‌లో డాక్టరు కాగితం మీద
వరసగా చేతులు పట్టుకున్న మనుషుల్ని గీసింది.
ఎనిమిదో మనిషి చోటు ఖాళీ.
"ఇది తల్లి నుంచి వస్తుంది" అంది, పెన్నుకి మూత పెడుతూ.
ఆ మూత టిక్కుమన్న చప్పుడు
పది గంటల బస్సు ప్రయాణం పొడుగునా విన్నాను.

సోలార్ పలకతో నడిచే ఫ్రిజ్ కొన్నాం.
చెబితే నవ్వుతారు,
చలికాలం మాకు అది మందు చల్లబడటానికి కాదు,
గడ్డకట్టకుండా ఉండటానికి.
బయట మైనస్ ముప్ఫై అయిదు.
పాలు గడ్డకడతాయి, ఏరు గడ్డకడుతుంది,
మేకల గడ్డాలు కూడా.
ఇంత చలిలో గడ్డకట్టనిది
వీడి నెత్తురొక్కటే.

సీసా ఊపకూడదు. అరచేతుల మధ్య దొర్లించాలి,
నిద్రపోతున్న పిట్టని వెచ్చబెట్టినట్టు.
నరం దొరక్కపోతే వాడే చూపిస్తాడు:
"అమ్మా, ఇది నిన్న అలిగింది. ఇవాళ ఇస్తుంది."

ఇవాళ వాడికి అయిదేళ్లు.
పుట్టువెంట్రుకలు తీసే పండగ.
నీలి పట్టుకండువా కట్టిన కత్తెర
చేతులు మారుతుంది, చుట్టాలకి తలా ఒక పాయ.
పొద్దున్నే మందు ఎక్కించాను.
అయినా నా చూపు కత్తెర ముక్కు మీదే.
పగ్గాలు లాగి మొద్దుబారిన వేళ్లు, వణికే వేళ్లు,
అప్పటికే రెండు గుక్కలు వేసిన వేళ్లు.
మా అన్న గాన్‌జోరిగ్ ఒక పాయ కోసి
"మచ్చల గుర్రప్పిల్ల నీదిరా" అన్నాడు.
గుడారంలో ఎవరూ మాట్లాడలేదు.
ఎర్ఖెస్ నా వైపు చూశాడు.

చివర్న నా వంతు. చెవి వెనక మిగిలిన పాయ.
వాడు కదల్లేదు.
నేనే కదిలాను.
నా బొటనవేలు.

గుడ్డ చుట్టి టీలు పోశాను. గుడ్డ తడిసింది.
ఇంకోటి చుట్టాను. మాంసం ఉడికింది,
వడ్డించారు, తిన్నారు. ఇంకా తడే.
అత్త పక్కన చేరి మెల్లగా అంది:
"వీడు పుట్టినప్పుడు నీకు మూడు నెలలు ఆగలేదు.
కింద పరిచిన కంబళి పారేశాం.
ఆడదానికి మామూలే అనుకున్నాం."

ఎన్నేళ్ల నెలసరులో, ఎవరూ లెక్కపెట్టనివి.
ఆస్పత్రి కాగితంలో నన్ను వాహకురాలు అని రాశారు.
నేను మోసుకొచ్చానట, అంతే.
కావడి మోసేవాడి బట్టలూ తడుస్తాయని
ఆ కాగితంలో లేదు.
ఈసారి బస్సెక్కినప్పుడు
నా చెయ్యి కూడా చాపుతాను.

ఎర్ఖెస్ కొత్త గుండుతో వచ్చాడు.
నా వేలు రెండు అరచేతుల మధ్య పెట్టి
బలం కొద్దీ అదిమాడు.
"మధ్యలో తీసి చూడకూడదు" అన్నాడు నాకు, నా మాటే.
బయట గుర్రప్పిల్ల సకిలించింది.
"అది నన్ను పడేస్తుందా?"
"పడేస్తుంది."
కాసేపు ఆలోచించాడు.
"అయితే ముందు దాంతో నడుస్తా."

తర్వాత నిమిషాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు పైకే.
వాడికి పన్నెండు తర్వాత ఇరవై వస్తుంది.
నేను దిద్దలేదు.