తునికాకు

అంకీస సంతల కొన్న ప్లాస్టిక్ పీక
మొదటి రాత్రే పనికిరాదని తేలిపోయింది.
పెండ్లి బారాతు లెక్క కూసిందది.
ఇసుక అవతల నక్కలు
ఒకదాని మొకం ఒకటి చూసుకొని ఉంటయి.

పుచ్చతోట మాది ప్రాణహిత కడుపుల,
సిరొంచ రేవుకు కింద,
నీళ్లు దిగినంక తేలిన నాలుగెకరాల ఇసుక.
కాయ పండిందీ లేనిదీ
మేం వేలుతోటి కొట్టి చూస్తం,
నక్క ముక్కు ఆనించి చూస్తది.
ఒక్కసారి కూడ తప్పిపోలే అది.

దుర్గం సడవలి తాత దగ్గరికి పోయిన.
చూపు లేదు, పండ్లు లేవు,
గంప మాత్రం ఉన్నది. బోర్లించిండు:
పొణికి కట్టె పీక, మేకకొమ్ము తునక,
సైకిలు ట్యూబు సాగదీసి కట్టిన వెదురుచీలిక.
తడిమి తడిమి చెప్పిండు.
కొమ్ము గాలి రాత్రికి. దూరం పోతది గాని
దగ్గరికొచ్చినదాన్ని బెదరగొడ్తది.
వెదురు సలికి బిగుసుకుంటది,
మాఘమాసంల దాన్ని నమ్మకు.
అన్నీ చెప్పి, అన్నీ పక్కకు నెట్టి
బీడీల చాటల నుంచి ఒక ఆకు తీసిండు.
"ఎండింది పగుల్తది. పచ్చిది మూగది.
రాత్రంత నానిన తునికాకు గావాలె.
రెండు బొటనవేళ్ల నడుమ పెట్టు,
ఈనె పెదవికి తగలొద్దు."

ఊదిన. పిత్తినట్టయింది.
తాత నవ్వి నవ్వి దగ్గిండు.

మూడు దినాలకు
కుందేలు పిల్ల పుట్టింది నా చేతుల.
"ఆపు," అన్నడు అప్పుడు.
"ఏడ్చేది ఊపిరి తీసుకుంటది గద!
ఆ తీసుకునే కాడ ఊకో.
నక్క అడుగేసేది గప్పుడే."

మా అక్క కొడుకు తిరుమలేశు
ఫోన్ల పట్టుకొచ్చిండు అదే ఏడుపు, చిన్న స్పీకరుతోటి.
మొదటి రాత్రి మూడొచ్చినయి.
రెండో రాత్రి ఒకటి.
మూడో రాత్రి ఒక ముసలి నక్క
స్పీకరు మీద ఉచ్చపోసి పోయింది.
ఫోను కూడ ఊపిరి తీసుకుంటది,
ఎప్పుడూ ఒక్కకాడనే తీసుకుంటది.

శివరాత్రి పోయిన మూడో నాడు
గాలి నా మొకం మీద ఉన్నది.
ఒడిల వడిసెల, అందుల రాయి.
ఊదిన. ఆగిన. మల్ల ఊదిన.
ఇసుక మీద నల్లగ ఏదో కదిలింది.
ఇంకింత సన్నగ ఊదిన,
ఇగ సచ్చిపోయేటంత సన్నగ.

"ఎవల పిల్లరా అది!"
పక్క గుడిసె లసుమక్క
చెప్పుల్లేకుంట ఉరికొచ్చింది.
నెలన్నర బాలింత.
ఇసుకల మోకాళ్ల మీద కూలబడి
నా రెండు చేతులు పట్టి విప్పింది.
తడి ఆకు.

"నీ చేతులిరగ," అన్నది.
"నా పిల్ల పండుకునే ఉన్నది.
నా రైక చూడు."
చీకట్ల నేను చూడలే.
పాల వాసనొచ్చింది.

ఆమె వెనక, నూరడుగుల మీద
రెండు కండ్లు నిలబడ్డయి.
పోలే. రాలే.
రాయి వడిసెలలనే ఉన్నది.

పొద్దుగాల లెక్కవెడితే పదకొండు కాయలు.
మంచి ఎర్రటివి చూసి తిన్నయి.

తాతకు చెప్పిన. శానసేపు మాట్లాడలే.
బీడీ ఆరిపోయింది, మల్ల ముట్టించుకున్నడు.
"ఆకు మంచిది దొరికింది," అన్నడు.
"పారెయ్యకు.
రేపటి సంది కొమ్ము ఊదు గని,
దానికి ఎవలు మోసపోరు."

ఇప్పుడు కొమ్మే ఊదుతున్న.
నక్కలు అవతలి ఒడ్డునుంచే తిడ్తయి.
ఆకు గుడిసె చూర్ల చెక్కిన, ఎండి ముడుసుకపోయింది.

లసుమక్క పిల్ల అర్ధరాత్రి ఏడుస్తది అప్పుడప్పుడు.
ఏడ్చినంతసేపు నాకు నిద్రే.
అది ఊపిరి తీసుకునే కాడ
ఉలిక్కిపడి లేస్తున్న,
వడిసెల దేవులాడుకుంట.