శుక్లం

మెహదీపట్నం కంటాసుపత్రి నుంచి
జ్ఞానసుందరమ్మత్తను ఆటోలో తెస్తున్నాను.
ఒక కంటికి కట్టు. రెండోది ఎప్పట్నించో మసకే.

లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర
ఎవడో పిల్లాడు, "అన్నా, పది రూపాయలియ్యి."
"పోరా" అన్నాను,
ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

అత్త చెయ్యి బయటికి చాచి
గాలిలో తడిమి తడిమి
వాడి భుజం దొరకబుచ్చుకుంది.
"గొంతు అట్లా ఎండిపోయిందేం నాయనా?
పొద్దున్నించి ఏం తినలేదా?"

ఆసుపత్రివాళ్లిచ్చిన బన్ను
ఆమె ఒళ్లోంచి వాడి చేతికి పోయింది.

ప్రతి ఆదివారం సికింద్రాబాద్ గుడిలో
ముందు బెంచీ నాదే.
ప్రభువా, నీ ముఖం చూపించమని
అందరికంటే గట్టిగా అడిగేదీ నేనే.

పచ్చలైటు పడింది.
పూటకు రెండు చుక్కలన్నాడు డాక్టరు.
మందు సీసా నా జేబులోనే ఉంది.
ఎవరి కంట్లో వెయ్యాలో
ఇప్పుడు తెలియడం లేదు.