అబద్ధపు వరద

థర్మామీటరు ఇరవై మూడున్నర దగ్గర
మొండికేసింది.
హీటరు మీద అరచెయ్యి ఆనించి
"ఇంకో డిగ్రీన్నర ఎక్కమ్మా" అంటుంది నోయెలీన్,
మిషనుతోనో, చేపతోనో, నాతోనో.

నవంబరు. నరాండెరా ఊరవతల రేకుల షెడ్డు.
కరెంటు తీగ మీద గలా చిలకలు
గులాబీ రంగు తగువులాడుకుంటున్నాయి.
ఊరిని ఒరుసుకుంటూ పోయే మర్రంబిడ్జీలో
నీళ్లింకా జివ్వుమంటున్నాయి.
పైన డ్యాము అడుగు తలుపు తెరిచి
ఎండ ముట్టని నీళ్లు వదులుతారు వరిచేలకి.
నవంబరు నదిలో జూలై పారుతుంది.
పసుపుపొట్ట చేప
ఆ చలిలో గుడ్లు మోసుకుని తిరిగి తిరిగి
ఏడాది చివర
వాటిని తనలోకే ఇంకించుకుంటుంది.

దానికి కావలసింది రెండే,
వెచ్చదనం, వరద.
గోదారి ఒడ్డు దాన్ని, నాకొకరు చెప్పక్కర్లేదు,
ఎర్రనీళ్లు తగలందే పులస ఎదురెక్కదు.
ఇక్కడ ఆ ఎర్రనీళ్లు
నేను సిరంజిలోకి లాగుతాను.

మత్తునీళ్ల తొట్టిలో ఆడచేప పక్కకి ఒరిగింది.
తడిగుడ్డలో ఎత్తుకుంటే మూడు కిలోలు,
సరిగ్గా పుట్టిన బిడ్డంత.
నోయెలీన్ సన్నగొట్టంతో నాలుగు గుడ్లు లాగి
గాజుపలక మీద చూసి
"పండాయి" అంది.
రెక్క మొదట్లో, పొలుసు సందున,
సూది.

మందు సీసా మీద చీమంత అక్షరాలు:
గర్భిణీ స్త్రీల మూత్రం నుంచి తీసినది.
చేరిన కొత్తలో చదివి నవ్వాను.
ఎవరావిడ?
ఏ ఊళ్లో, ఎన్నో నెలలో,
వేవిళ్లతో గోడ పట్టుకుని నడిచి
ఒక డబ్బా నింపి ఇచ్చి పోయిన మనిషి!
ఆమె కడుపు కబురు
ఇంత దూరాన ఒక చేపకి చేరుతుంది,
వరదొచ్చింది, ఇక వదిలెయ్ అని.

ఈ ఏడాది నవ్వలేదు.
మార్చిలో, వాగ్గా క్లినిక్ వాళ్లిచ్చిన
అదే మందు, రాత్రి పదింటికి, నిమిషం తప్పకుండా,
నా బొడ్డు పక్కన.
ముప్పై ఆరు గంటలన్నాడు డాక్టరు.
చేపకీ కాస్త అటూ ఇటుగా అంతేనని
నాకు ముందే తెలుసు. చెప్పలేదు.
మూడు గుడ్లు దొరికాయి.
ఒకటి గాజులో, ముప్పై ఏడు డిగ్రీల దగ్గర,
నాలుగు కణాల దాకా వచ్చి
ఆగింది.

మా భాషలో కడుపుతో ఉండడాన్ని
నీళ్లోసుకోవడం అంటామని
ఒకరోజు నోయెలీన్‌కి విడమరిచి చెప్పాను.
బకెట్టు కింద పెట్టి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"మరి ఎంత వేడి నీళ్లు?" అంది.

రెండో రాత్రి.
లైట్లార్పి, టార్చికి ఎర్రకాగితం చుట్టాం.
ఇరవై ఐదు. కదలకుండా ఇరవై ఐదు.
మగచేప ఆడదాని పొట్టని మూతితో పొడుస్తోంది.
నీళ్లు తొట్టి గోడకి ఫెడీమని తన్నుకున్నాయి,
రెండుసార్లు.
ఆ పైన చప్పుడు లేదు.
నోయెలీన్ గడియారం చూసి రాసుకుంది: ముప్పై మూడు.

పైపు చివరి జల్లెడలోకి
గుడ్లు దిగడం మొదలైంది,
ఉడికిన సగ్గుబియ్యంలా,
కంటికి ఆనక, చేతికి మాత్రం తెలిసేట్టు.
మోచేతి దాకా ముంచి ఉంచాను.
ఐదు లక్షలుంటాయంది.
నేను లెక్క పెట్టలేదు.

ఆడచేప తొట్టి అడుగున, మూలగా,
పొట్ట జారిపోయి, మొప్పలు ఎగరేస్తూ ఉంది.
పక్కన గొంతుక్కూచుని
"వరద లేదే, అబద్ధం చెప్పాను"
అన్నాను తెలుగులో.
నమ్మలేదో, పట్టించుకోలేదో.
నోయెలీన్ రెండో తొట్టి దగ్గర్నుంచి పిలుస్తోంది.
అక్కడ ఇంకా ఇరవై నాలుగే.