మగ్గాల వీధి, నగరి

"సద్దు లేని చోట కూచో" అనింది
తిరపతి ఆస్పత్రిలో మేడమ్.
మా వీధిలో అట్లాంటి చోటు యాడుండాది?
తెల్లారి నాలుక్కే మరమగ్గాలు మొదలు.
గోడా, మంచమూ, తట్టలో ఇడ్లీ,
నోట్లో పళ్ళు కూడా అదురుతాయి.

పోయిన నెల మూడు రాత్రులు నిద్రపోలా.
రంగులన్నీ నాతోనే మాట్లాడినట్టుండె.
లెక్కల నోట్సు నిండా చీర అంచులు గీసినా.
ఆ పైన పదకొండు దినాలు
దుప్పట్లోంచి లేవలా.
"సోమరిపోతు" అన్యాడు పెదనాయన.
అమ్మ ఏమీ అనలా.
మాత్రా నీళ్ళూ పెట్టి, పనిలోకి పోయింది.

ఈ పొద్దు మగ్గం పక్కనే కూచున్నా,
కండెల డబ్బా బోర్లించి.
టక్‌ టకటక్‌, ఊపిరి లోపలికి.
టక్‌ టకటక్‌, బయటికి.
నాలుగోసారికే మనసు పారిపోయింది,
పరీక్ష హాలుకి, పెదనాయన నోటికి.

పోగు తెగితే అమ్మ అరవదు.
మగ్గం ఆపి, కొస వెతికి, ముడేసి
మళ్ళీ నడుపుతాది.
దినానికి ఎన్నిసార్లో లెక్క పెట్టదు.

టక్‌ టకటక్‌.
లోపలికి.

అంతలో కరెంటు పోయింది.
వీధి వీధంతా గమ్మునైపోయింది.
నా చెవుల్లో మాత్రం ఇంకా ఆడతానే ఉండాది.
"ఎట్లుండావు గుణా?"
బాగుండానని చెప్పబోయి ఆగినా.
"ఈడనే ఉండా మా."