మిరప చేతులు

మిరపచేన్లకెంచి అట్లనే ఉరికొచ్చిన.
రెండుసార్లు కడిగిన చేతులు.
సబ్బు అరిగింది, మంట పోలే.

కండ్లు తేలేసింది నా బిడ్డ.
పండ్లు గిట్టకరిచి,
తీగ మీద ఆరేసిన లంగ లెక్క
గాలి లేకున్నా కొట్టుకుంటున్నది.
మొకం ముట్టుకుంటే కండ్లల్ల కారం పడ్తదని
మోచేతులతోటే ఎత్తుకున్న,
కట్టెలమోపు ఎత్తుకున్నట్టు.

పోశెట్టన్న ట్రాలీ ఆటో.
అంకీస నుంచి సిరోంచ దాక
ఎన్ని గుంతలున్నయో నా బొక్కలకెరుక.
గుంతగుంతకు మూలిగింది పోరి.
మూలిగినందుకు దండం పెట్టుకున్న.
మూలుగు ఆగిన కాడ
ఇంకో గుంత ఎప్పుడొస్తదా అని చూసిన.

"వజన్ కితీ?" అన్నది నర్సమ్మ.
నాకేం ఎరుక?
మిరపకాయ బస్త ఎంతుంటదో చెప్తగని
బిడ్డను కాంటా మీద ఎన్నడు పెట్టిన?
"సగం బస్తకు తక్కువనే" అన్న.
ఆయమ్మ దాన్ని మరాఠీల చెప్పింది.
ఎవ్వరు నవ్వలే.
డాక్టరు బిడ్డను చూసిండు, నన్ను చూసిండు,
సూదిలకు మందు గుంజిండు.

సారక్క అని చెప్పిన,
కాయితం మీద సారికా అయింది.
ఏ పేరుకన్న పలుకనీ,
జాతరల మొక్కిన తల్లి ఏమన్న అనుకోనీ.

"తాయీ, ఘాబరూ నకా."
ఆమె భాషల నాకు సమజైన మాట అదొక్కటే.
అది నా దగ్గర ముందే ఉన్నది,
పొద్దటిసంది గొంతుల అడ్డంపడి.
నా గాబరానే తీసుకొని
దానికి నకా అని చిన్న ముడేసి
మళ్ల నా చేతుల్నే పెట్టింది.

సెలైన్ చుక్కలు లెక్కబెట్టిన.
వంద దాటినంక నాకు లెక్క రాదు,
మళ్ల ఒకటి.
గడ్చిరోలి పంపాల్నా, వంతెన దాటించి మంచిర్యాలకా
అని తలుపుకాడ మాట్లాడుకుంటున్నరు.
అంబులెన్సు ఒకటే ఉన్నదట.
డీజిల్ కోసం ఎవరికో ఫోను.

తెల్లారంగ కండ్లు తెరిచింది.
అమ్మా అనలే, నీళ్లనలే.
"నెత్తి మీద చెయ్యి పెట్టవేందే" అన్నది,
కోపంగ.

కొంగు చుట్టుకొని పెట్టిన.
బట్టలకెంచి సుత వేడి తాకింది.
అది జరమా,
నా అరచేతుల్ల మిగిలిన మిరపనా,
ఇయ్యాల్టికీ చెప్పలేను.