కాపలా

మొదటి రోజు నెత్తురు చుక్కలో ఉంగరాలు కనిపించినాయి.
సన్నంగా, నీలంగా,
ఒక్కోదానికి ఒక్కో ఎర్ర రాయి పొదిగినట్టు.
తిరుపతి పెద్దాసుపత్రిలో, ఈ కుర్చీలో ఇరవై రెండేళ్లు.
జబ్బు ఇంత అందంగా ఉండకూడదని
ఇప్పటికీ ప్రతిసారీ అనుకుంటాను.

పేరు చెంగల్రాయుడు. ముప్పై ఎనిమిది.
బంగారుపాళ్యం పక్కన
తోతాపురి తోటకి రాత్రి కాపలా.
కాయ దిగిపోయినాక కూలి లేక
మన్యంలో రోడ్డు పనికి పోయి
మలేరియా మోసుకొచ్చినాడు.

నాలుగో రోజుకి సూదిమందు గెలిచింది.
గాజుపలక ఈ చివర నుంచి ఆ చివర దాకా
ఒక్క ఉంగరం లేదు.
'లేవు' అని రాసి, సంతకం పెట్టి,
టీ తాగినాను, రొంత గర్వంగానే.

ఐదో రోజు జ్వరం నూట నాలుగు.
ఆరో రోజూ అంతే.
ఎడమ డొక్కలో బల్ల బొడ్డు దాకా దిగింది.
ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు
మూడూ జారిపోతా వుండాయి,
బొక్క ఎక్కడో దొరకని బిందెలో నీళ్ల మాదిరి.

తుంటి ఎముకలోంచి తీసిన మూలుగ
రాత్రి పదకొండుకి నా బల్ల మీదికొచ్చింది.
రంగు వేసి, కడిగి, ఆరబెట్టి చూస్తే
ఒక కాపలా కణం, పొట్ట ఉబ్బి,
లోపల మూడు ఎర్ర కణాలు,
నాలుగోది సగం నోట్లో.
అన్నీ ఆయనవే.
పరాయిది ఒక్కటి లేదు ఆ పొట్టలో.

కిటికీ దగ్గర ఆయన భార్య, దేశమ్మ.
"పురుగు చచ్చిపోయ అన్యారు గదా సార్,
ఇంగ కొట్లాడేది ఎవురితో?"
చెప్పకూడదు నేను. చెప్పినాను.

చాలాసేపు ఏమీ అనలా.
తర్వాత గాజులు పైకి నెట్టి
ముంజేతి మీద మచ్చ చూపించింది.
"మా కర్రిగాడు సార్. తోట కుక్క.
ఒగ రేత్రి కాయలదొంగలు ఆటోతో వస్తే
గొలుసు తెంపుకోని తరిమినాడు.
దొంగలు పోయిరి. వాడి కోపం పోలా.
తెల్లారేతలికి మా కోళ్లు పదకొండు,
అడ్డం పోతే నా చెయ్యి."

కొట్టినారా, అన్నాను.

"కొడితే యాడ ఆగుతాడు సార్.
ఆయప్పే పోయి రొంత దూరంలో కూర్చున్యాడు,
పేరు పెట్టి పిలస్తా.
పొద్దెక్కిందాకా పిలస్తానే వున్యాడు."

ఏడో రోజు స్టెరాయిడ్ మొదలైంది.
డాక్టరమ్మకి కుక్క కథ చెప్పినాను.
నవ్వలా.
"ఇది పిలవడం కాదు, మూతి కట్టడం.
రేపు నిజంగా దొంగొస్తే మొరగదు,
ఆ భయం మనదే" అనింది.
గ్లవ్స్ విప్పతా, మళ్లీ అడిగింది:
"వచ్చినాడా, చివరికి?"
కుక్క సంగతి. నాకు తెలీదు. దేశమ్మ చెప్పలా.

పదో రాత్రి.
ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. నిన్న పదకొండు.
ఎక్కినాయో, యంత్రం తప్పో,
ఇంకోసారి పెట్టినాను. పదిహేడు.
నమ్మను, ఇప్పుడే నమ్మను.

కాగితం తీసుకోని వార్డుకి పోతే
వరండాలో దేశమ్మ, గోడకి ఆనుకోని,
పెదాలు కదులుతా వుండాయి.
ఎదురుగ్గా కొండ, మెట్లదారి దీపాలు.
దేవుడి పేరే అనుకున్నాను.

దగ్గరికి పోతే వినిపించింది,
చిన్నగా, విసుగు లేకుండా:
కర్రిగా...
రా నాయనా, కర్రిగా...