బకెట్టు

మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ల నెత్తిన
బకెట్టెడు నీళ్లు కుమ్మరించడం మా హ్యాంగర్ ఆనవాయితీ.
ఆ పొద్దున ఆరుంబావుకే నింపి పెట్టాను.
ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, పిడి ఊడితే తీగ చుట్టింది.

లాలస వేలు ముంచి చూసి
"ఏటి బాబాయ్, ఇంత చల్లగా ఉన్నాయి" అంది.
"నువ్వు దిగేసరికి ఎండెక్కుతాదిలే" అన్నాను.

రెండు రౌండ్లు బాగానే తిరిగింది.
సింహాచలం కొండవైపు నుంచి
మూడో మలుపు తీసుకుంటుంటే
ఇంజను దగ్గింది.
ముప్ఫై ఏళ్లుగా ఇంజన్లు విన్న చెవి ఇది.
ఒక్క దగ్గు.
తర్వాత కాకులు వినబడ్డాయి, అంతే.

మేఘాద్రిగెడ్డలో
గుర్రపుడెక్క మీద ఆరేసినట్టు తెల్ల రెక్క ఒకటి.
బురద ముద్దలా పిల్లని మోసుకొచ్చారు
చేపలు పట్టేవాళ్లు.

విచారణకొచ్చిన పెద్దలు పుస్తకంలో నా సంతకం చూశారు.
మంచి సంతకమే. వంకర లేదు.
ఇంధనం గొట్టం నట్టు బిగించినప్పుడు
రెంచి 'టక్'మందా లేదా?
రోజూ వినే చప్పుడు.
ఆ రోజుది విన్నానో
ముందురోజుది గుర్తుందో.

పదకొండో రోజు, కేజీహెచ్‌లో,
మెడకి పట్టీ, కళ్లు మాత్రమే తిప్పి అడిగింది:
"నా నీళ్లు పారబోసేశారా?"

లేదమ్మా.
నాలుగు వేళ్లు తగ్గాయి.
దోమపిల్లలు చేరి
పైకీ కిందికీ ఈదుతున్నాయి.
ఎవరూ ముట్టుకోవడం లేదు.

నవ్వబోయింది, నొప్పెట్టి ఆగింది.

ఇంజను సంగతి అడుగుతుందని
బత్తాయి ఒలుస్తూ కూర్చున్నాను
తొనల మీది తెల్లపొర కూడా
ఒక్కొక్కటే తీస్తూ.
అడగలేదు.